పొగను ముందుగా పసిగట్టే వ్యవస్థ: అప్పగింతకు ముందు జరగవలసిన పరీక్షలు

నిప్పు లేనిదే పొగ రాదని తెలుగు నానుడి. అగ్నిప్రమాదాలలో మాత్రం మనిషి కంటికి మొదట కనబడవలసినది పొగే. వేడెక్కిన విద్యుత్ తీగ పైపూత, దూది బేలు లోపల చిక్కుకున్న రవ్వ, పాత కాగితాల దొంతర కింద రాజుకున్న వేడి, ఇవన్నీ మంట లేవకుండా చాలాసేపు రగులుతూ ఉండగలవు. ఆ సమయంలో వెలువడే పలుచని పొగను గుర్తించగలిగితే ఒక మనిషి వెళ్ళి స్విచ్చి ఆపడంతో ప్రమాదం ముగుస్తుంది. గుర్తించలేకపోతే అగ్నిమాపక దళం రావలసి వస్తుంది.

2018 ఫిబ్రవరి 2వ తేదీ రాత్రి మదురై మీనాక్షీ సుందరేశ్వరాలయంలో, తూర్పు గోపురం చెంతనున్న వీర వసంతరాయ మండపంలోని దుకాణాలకు నిప్పంటుకుంది. దుకాణాలు బూడిద కావడమే గాక, వేడికి నాయక రాజుల నాటి రాతి కప్పులో కొంత భాగం కూలిపోయింది. 2020 నవంబరు 14వ తేదీన, దీపావళి నాటి తెల్లవారుజామున, అదే నగరంలో విళక్కుత్తూణ్ సమీపాన ఒక పాత భవనంలోని వస్త్రదుకాణం తగలబడింది. మంటలు ఆర్పుతుండగా భవనం కూలి ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. రెండు చోట్లా కట్టడం పాతది, సరుకు కిక్కిరిసి ఉన్నది, వేళ రాత్రి. ఇటువంటి చోట్ల కాలమే అన్నిటికంటే విలువైనది. మంట ముదిరిన తరువాత పాత గోడ ఎంతసేపు నిలుస్తుందో లోపలికి వెళ్ళే వారికి తెలియదు.

ఈ పాఠం గాలిని పీల్చి పొగను గుర్తించే వ్యవస్థ గురించినది. అది ఎట్లా పనిచేస్తుందో, దానిని అమర్చిన తరువాత వాడుకలోకి తేవడానికి ముందు ఏ పరీక్షలు జరగాలో, భవనానికి బాధ్యులైన వారు వాటిలో ఏమి గమనించాలో ఇందులో వివరించడమైనది.

ఈ నగరాలకు ఇది ఎందుకు అవసరం

పదహారవ శతాబ్దంలో విశ్వనాథ నాయకునితో మొదలైన మదురై నాయక రాజ్యకాలంలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడ్డాయి. తిరుమల నాయకుని మహలు, రాణి మంగమ్మ పేరుతో ముడిపడిన తముక్కం భవనం నేటికీ ఆ కాలాన్ని గుర్తు చేస్తున్నాయి. తముక్కం భవనంలోనే 1959లో గాంధీ స్మారక సంగ్రహాలయం ప్రారంభమైంది. కోయంబత్తూరు ప్రాంతంలో వ్యవసాయంతో మొదలైన తెలుగు కుటుంబాలలో కొన్ని ఇరవయ్యో శతాబ్దంలో నూలు మిల్లుల వైపు మళ్ళాయి. జి. కుప్పుస్వామి నాయుడు 1910లో స్థాపించిన లక్ష్మీ మిల్స్ వాటిలో ప్రసిద్ధమైనది. 1930లలో పైకారా జలవిద్యుత్తు అందుబాటులోకి వచ్చాక మిల్లుల సంఖ్య వేగంగా పెరిగింది.

ఈ చరిత్ర వల్ల రెండు నగరాలలోనూ తెలుగువారు నివసించే, పనిచేసే, నిర్వహించే భవనాలలో మూడు రకాలు ఎక్కువగా కనబడతాయి. మొదటివి ఎత్తైన కప్పు గల పాత మండపాలు, కల్యాణ మందిరాలు, సంగ్రహాలయాలు. రెండవవి దూది, నూలు, వస్త్రం నిలువచేసే గోదాములు. మూడవవి మిల్లులలోను, ఆసుపత్రులలోను, కార్యాలయాలలోను ఉండే విద్యుత్ ప్యానెల్ గదులు, కంప్యూటర్ సర్వర్ గదులు. కప్పుకు బిగించే సాధారణ స్మోక్ డిటెక్టరు ఈ మూడింటిలోనూ ఆలస్యంగా మేల్కొనే అవకాశం ఉన్నది. ఎత్తైన మండపంలో పలుచని పొగ పైకి పోతూ చల్లబడి, కప్పును చేరకుండానే మధ్యలో పొరగా నిలిచిపోతుంది. సర్వర్ గదిలో ఏసీ గాలి పొగను చెదరగొట్టి పలుచన చేస్తుంది. గోదాములో దూది నూగు డిటెక్టరు లోపల పేరుకుని, ఊరికే మోగేలా గానీ అసలు మోగకుండా గానీ చేస్తుంది.

వ్యవస్థ పనిచేసే తీరు

సాధారణ డిటెక్టరు పొగ తన వద్దకు వచ్చేదాకా వేచి ఉంటుంది. గాలిని పీల్చే వ్యవస్థ తానే వెళ్ళి గాలిని తెచ్చుకుంటుంది. గది పైభాగంలో సుమారు 25 మిల్లీమీటర్ల మందం గల ప్లాస్టిక్ పైపు పరుస్తారు. దానికి నిర్ణీత దూరాలలో రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల వ్యాసం గల చిన్న రంధ్రాలు ఉంటాయి. పైపు ఒక కొనకు సన్నని రంధ్రమున్న మూత, రెండవ కొన వద్ద డిటెక్టరు పెట్టె ఉంటాయి. పెట్టెలోని ఫ్యాను రాత్రింబవళ్ళు గాలిని లాగుతూ ఉంటుంది. ఆ గాలి ఫిల్టరు గుండా సాగి, లేజరు లేదా ఎల్‌ఈడీ వెలుగు ప్రసరించే చిన్న గదిలోకి చేరుతుంది. పొగ కణాలు వెలుగును చెదరగొడతాయి. ఆ చెదరిన వెలుగును కొలిచి యంత్రం పొగ మోతాదును లెక్కిస్తుంది.

ఈ పద్ధతికి మూలం ఆస్ట్రేలియాలో ఉన్నది. అడవి మంటల పొగను కొలవడానికి అక్కడి ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓ వాడుతున్న కాంతి పరికరాన్ని 1970 దశకంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల రక్షణకు ప్రయోగించి చూశారు. తరువాత అది వాణిజ్య యంత్రంగా రూపుదిద్దుకొని దేశదేశాలకు వ్యాపించింది.

పొగ మోతాదును మీటరుకు ఇంత శాతం అని చెబుతారు. ఒక మీటరు దూరం గాలిలో సాగే వెలుగులో పొగ వల్ల ఎంత శాతం తగ్గుతుందో ఆ అంకె తెలుపుతుంది. సాధారణ డిటెక్టరు మీటరుకు కొన్ని శాతాల పొగ ఉంటేగాని మేల్కొనదు. గాలిని పీల్చే యంత్రాన్ని మీటరుకు 0.1 శాతం వద్ద, అంతకంటే తక్కువలో కూడా మేల్కొనేలా అమర్చవచ్చు. అందువల్లనే దీనికి ఒకే హెచ్చరిక కాక సాధారణంగా నాలుగు మెట్లు ఉంటాయి. మొదటి మెట్టులో కాపలాదారు వెళ్ళి చూస్తాడు. రెండవ మెట్టులో ఇంజనీరును పిలుస్తారు. మూడవ, నాలుగవ మెట్లలో సైరను మోగడం, జనాన్ని బయటకు పంపడం, వాయువుతో మంటలార్పే ఏర్పాటు ఉంటే అది పనిచేయడం జరుగుతాయి.

రంధ్రాల లెక్క

భవన నిర్వాహకులు అర్థం చేసుకోవలసిన ముఖ్యమైన లెక్క ఒకటున్నది. పైపుకు 20 రంధ్రాలున్నాయని, అన్నీ దాదాపు సమానంగా గాలి లాగుతున్నాయని అనుకుందాం. ఒకే రంధ్రం వద్ద పొగ ఉంటే, ఆ పొగ మిగిలిన 19 రంధ్రాల నుంచి వచ్చే శుభ్రమైన గాలితో కలిసి ఇరవయ్యో వంతుకు పలుచబడుతుంది. యంత్రాన్ని మీటరుకు 0.1 శాతం వద్ద మోగేలా అమర్చితే, ఆ ఒక్క రంధ్రం వద్ద మీటరుకు 2 శాతం పొగ చేరినప్పుడే అది మోగుతుంది. రంధ్రాలు 10 అయితే ఆ అంకె 1 శాతానికి తగ్గుతుంది. కాబట్టి పైపు మీద ఇష్టమొచ్చినట్లు అదనపు రంధ్రాలు వేయడం రక్షణను పెంచదు, తగ్గిస్తుంది.

ఇదే లెక్కకు మేలైన పక్షం కూడా ఉన్నది. ఎత్తైన మండపంలో పొగ వ్యాపించి ఒకేసారి ఐదు రంధ్రాలకు చేరిందనుకుందాం. అప్పుడు ఒక్కొక్క రంధ్రం వద్ద మీటరుకు 0.4 శాతం పొగ ఉన్నా చాలు. ఐదు రంధ్రాల పొగ కలిసి యంత్రం వద్ద 0.1 శాతం అవుతుంది. విడివిడిగా ఏ డిటెక్టరూ పట్టించుకోని పలుచని పొగను ఈ వ్యవస్థ కూడి చూస్తుంది.

ఐరోపా ప్రమాణం ఈఎన్ 54-20 ఈ వ్యవస్థలను సున్నితత్వాన్ని బట్టి ఏ, బీ, సీ అనే మూడు తరగతులుగా విభజించింది. మన దేశంలో పొగ గుర్తింపు, హెచ్చరిక వ్యవస్థల ఎంపికకు, అమరికకు, నిర్వహణకు మార్గదర్శకమైన భారతీయ ప్రమాణం ఐఎస్ 2189. కొనుగోలు పత్రంలో ఏ తరగతి వ్యవస్థ కావాలో ముందే రాయించుకోవడం మంచిది. తరగతి రాయని పత్రాన్ని బట్టి తరువాత ఎవరినీ ప్రశ్నించడం సాధ్యం కాదు.

పరీక్షలకు ముందు చూడవలసినవి

పైపులు బిగించి, పెట్టెలో పచ్చదీపం వెలిగినంత మాత్రాన వ్యవస్థ సిద్ధమైనట్లు కాదు. ఫ్యాను తిరుగుతున్నదని మాత్రమే ఆ దీపం చెబుతుంది. మొదట నక్షాను, గణన పత్రాన్ని చేతపట్టుకుని పైపు వెంట నడవాలి. పైపు పొడవు, రంధ్రాల సంఖ్య, ప్రతి రంధ్రం వ్యాసం, చివరి మూతకున్న రంధ్రం నక్షాలో ఉన్నట్లే ఉన్నాయా అని సరిచూడాలి. మలుపులు ఒక్కసారిగా విరగకుండా గుండ్రంగా ఉండాలి. ప్రతి రంధ్రం వద్ద దానిని గుర్తుపట్టే చీటీ అంటించి ఉండాలి. లేకపోతే సున్నం వేసేవారు మరుసటి ఏడాది ఆ రంధ్రాన్ని పూడ్చివేస్తారు.

రంధ్రాలు వేసినప్పుడు రాలిన ప్లాస్టిక్ పొట్టు పైపులోనే ఉంటుంది. డిటెక్టరును కలపక ముందే కంప్రెసరు గాలితో పైపును ఊది శుభ్రం చేయాలి. కలిపిన తరువాత ఊదితే ఆ ధూళి అంతా యంత్రంలోకి చేరి దానిని పాడుచేస్తుంది.

పెట్టె ఒక గదిలో, పైపులు మరొక గదిలో ఉన్నప్పుడు ఇంకొక విషయం గమనించాలి. ఏసీ గదిలోను, తేమ యంత్రాలు పనిచేసే స్పిన్నింగ్ శాలలోను గాలి పీడనం బయటి కంటే భిన్నంగా ఉంటుంది. అటువంటప్పుడు యంత్రం విడిచే గాలిని తిరిగి అదే గదిలోకి చేర్చే పైపు ఉండాలి. లేకపోతే గాలి ప్రవాహం వేళకొక రకంగా మారుతుంది.

పరీక్షల క్రమం

పరీక్ష మొదలుపెట్టే ముందు భవనంలోని వారందరికీ తెలియజేయాలి. హెచ్చరిక వేరే చోటికి చేరే ఏర్పాటు ఉంటే అక్కడివారికీ చెప్పాలి. మంటలార్పే వాయువు విడుదల, లిఫ్టు, ఏసీ మొదలైన వాటికి సంబంధాన్ని తాత్కాలికంగా తప్పించి, తప్పించిన ప్రతిదానినీ ఒక కాగితం మీద రాసుకోవాలి.

మొదటిది గాలి ప్రవాహ పరీక్ష. శుభ్రమైన పైపులో సాగే ప్రవాహాన్ని యంత్రం ప్రాతిపదికగా నమోదు చేసుకుంటుంది. తరువాత దానికి 20 శాతం పైగా హెచ్చుతగ్గులు వస్తే లోపాన్ని ప్రకటించాలి. దీనిని నోటిమాటగా నమ్మనవసరం లేదు. చివరి మూత తీసి చూడాలి, ఆపైన పైపును మూసి చూడాలి. రెండు సందర్భాలలోను 300 సెకన్లలోగా ప్యానెలు మీద లోపం కనబడాలి.

రెండవది ప్రయాణ కాల పరీక్ష. అన్ని పరీక్షలలో ఇదే ముఖ్యమైనది. ప్రతి పైపు చిట్టచివరి రంధ్రం వద్ద కొద్దిగా పరీక్షా పొగను అందించి, అదే క్షణాన స్టాప్‌వాచ్ నొక్కాలి. యంత్రంలో పొగ అంకె పెరగడం మొదలైన క్షణాన ఆపాలి. అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 72 ప్రకారం ఈ కాలం 120 సెకన్లు మించరాదు. ఎక్కువ సున్నితమైన తరగతులకు అంతకంటే తక్కువ కాలాన్ని నియమించుకుంటారు. వచ్చిన అంకెను గణన పత్రంలోని అంకెతో పోల్చాలి. ఎక్కువ వస్తే మధ్యలో ఎక్కడో అతుకు ఊడి, యంత్రం దగ్గరి గాలినే పీలుస్తున్నదని అనుమానించాలి. మరీ తక్కువ వస్తే సంతోషించరాదు. చివరి మూత లేకపోయినా, దాని రంధ్రం పెద్దదైనా, గాలి అంతా పైపు కొన నుంచే వేగంగా వస్తుంది. అప్పుడు మధ్యలోని రంధ్రాలు దాదాపు ఏమీ పీల్చవు. చివరి రంధ్రంలో పరీక్ష బాగా నెగ్గిన పైపు, మధ్య గదిలో పొగను గుర్తించలేకపోవచ్చు. అందుకే మధ్య రంధ్రాలలో కూడా పొగ పట్టి చూడాలి.

మూడవది గది పరీక్ష. రంధ్రం వద్ద పొగ పట్టడం పైపును పరీక్షిస్తుంది. గదిలో పుట్టిన పొగ రంధ్రం దాకా చేరుతుందా అన్నది వేరే ప్రశ్న. బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 6266లో ఇందుకు వేడి తీగ పరీక్ష ఉన్నది. రెండు మీటర్ల పొడవు గల ప్లాస్టిక్ పూత తీగలో తక్కువ వోల్టేజి విద్యుత్తును 180 సెకన్ల పాటు పంపి, పూతను వేడెక్కిస్తారు. కంటికి ఆననంత కొద్ది పొగ వస్తుంది. తీగలో విద్యుత్తు ఆపిన తరువాత 120 సెకన్లలోగా వ్యవస్థ స్పందించాలి. ఈ పరీక్షను ఏసీ నడుస్తుండగా ఒకసారి, ఆపి ఒకసారి చేయాలి. తలుపులు నిత్యం ఎట్లా ఉంటాయో అట్లాగే ఉంచాలి. తీగ అతిగా వేడెక్కితే హానికరమైన ఆవిరి వెలువడుతుంది కనుక శిక్షణ పొందినవారే దీనిని చేయాలి.

నాలుగవది విద్యుత్ పరీక్ష. ప్రధాన సరఫరా ఆపి, బ్యాటరీ మీద వ్యవస్థ నడుస్తున్నదా, ఆ విషయం ప్యానెలు మీద కనబడుతున్నదా అని చూడాలి.

ఐదవది హెచ్చరికల పరీక్ష. నాలుగు మెట్లలో ప్రతి మెట్టునూ తాకించి, ఆ మెట్టుకు జరగవలసిన పని జరిగిందా అని చూడాలి. మొదటి మెట్టు హెచ్చరిక రాత్రి కాపలాదారుకు చేరిందా? అతనికి అర్థమయ్యే భాషలో, చేయవలసిన పని గోడ మీద రాసి ఉన్నదా? తమిళం చదవలేని కొత్త కాపలాదారు ఉన్న చోట తెలుగు చీటీ కూడా యంత్రంలో ఒక భాగమే.

చివరగా, ముందు రాసుకున్న కాగితం తీసి, తాత్కాలికంగా తప్పించిన సంబంధాలన్నిటినీ తిరిగి కలిపారా అని ఒక్కొక్కటిగా సరిచూడాలి. పరీక్ష కోసం ఆపి, మరచిపోయిన సైరను ప్రమాదం నాడు మోగదు.

స్థానిక గాలికి అలవాటు చేయడం

ప్రతి భవనానికి తనదైన గాలి ఉంటుంది. కల్యాణ మందిరంలో హోమధూమం, మండపంలో కర్పూరం, సాంబ్రాణి, నూనె దీపాలు, మిల్లులో దూది నూగు, వీధి పక్కన వాహనాల పొగ అందులో కలుస్తాయి. హెచ్చరిక మెట్లు నిర్ణయించే ముందు యంత్రాన్ని కొన్ని రోజుల పాటు ఆ గాలిని చూడనివ్వాలి. ఆ రోజులలో మిల్లులోని అన్ని షిఫ్టులు, మందిరంలో కనీసం ఒక ముహూర్తం, మండపంలో ఒక పర్వదినం కలిసి వచ్చేలా చూడాలి. వెల్డింగు పని జరుగుతున్న రోజులను లెక్కలోకి తీసుకోరాదు. నిర్మాణ ధూళి మధ్య నేర్చుకున్న యంత్రం మొద్దుబారుతుంది. నిర్జన గదిలో నేర్చుకున్నది మొదటి పూజకే కేకపెడుతుంది.

మాటిమాటికీ ఊరికే మోగే యంత్రాన్ని జనం ఏదో ఒక రోజు ఆపివేస్తారు. అందుచేత పగటికి ఒక మెట్టు, మనుషులు లేని రాత్రికి మరింత సున్నితమైన మెట్టు పెట్టుకోవడం పాత మండపాలకు, మందిరాలకు తగిన ఉపాయం. దూది నూగు ఉన్న చోట పైపు మీద అదనపు ఫిల్టరు, తేమ ఎక్కువగా ఉన్న చోట నీరు దిగే అమరిక అవసరం. మిల్లులో బ్లో రూం వంటి అతి ధూళి విభాగాలకు రవ్వలను గుర్తించే వేరే పరికరాలుంటాయి. గాలిని పీల్చే వ్యవస్థ అక్కడి విద్యుత్ గదికి, నూలు గోదాముకు బాగా సరిపోతుంది.

సంతకం చేసేవారి బాధ్యత

పరీక్షలు ముగిశాక అమర్చినవారు ఒక అప్పగింత పత్రం ఇస్తారు. ధర్మకర్త, కార్యదర్శి, మిల్లు మేనేజరు, అపార్టుమెంటు సంఘాధ్యక్షుడు, ఎవరు దాని మీద సంతకం చేసినా, పరీక్ష జరిగినప్పుడు అక్కడ ఉన్నవారై ఉండాలి. ఆ పత్రంలో ప్రతి పైపు చివరి రంధ్రం ప్రయాణ కాలం, ప్రాతిపదిక ప్రవాహం, నాలుగు మెట్ల అంకెలు, వేడి తీగ పరీక్ష ఫలితం, పరీక్ష జరిగిన తేదీ ఉండాలి. "పరీక్షించడమైనది, సరిగా ఉన్నది" అన్న ఒక్క వాక్యం సరిపోదు.

ఆ అంకెల అసలు ప్రయోజనం ఏడాది తరువాత తెలుస్తుంది. మొదటి రోజు చివరి రంధ్రానికి 62 సెకన్లు పట్టిందని రాసి ఉండి, మరుసటి ఏడాది 95 సెకన్లు పడితే, పైపులో ఏదో జరిగిందని ఎవరైనా చెప్పగలరు. మొదటి అంకె రాసి ఉండకపోతే ఆ 95కు అర్థం లేదు. కాబట్టి కనీసం ఏడాదికొకసారి ప్రయాణ కాలం తిరిగి కొలవాలి, ఫిల్టరు మార్చాలి, యంత్రం నుంచి విడదీసి పైపును ఊదాలి. గదిలో కొత్త అడ్డుగోడ కట్టినా, అటక వేసినా, ఏసీ మార్చినా గది పరీక్ష మళ్ళీ చేయాలి.

ఈ వ్యవస్థ మంటను ఆర్పదు. అది కొంత సమయాన్ని మాత్రమే ఇస్తుంది. ఆ సమయం వినియోగపడాలంటే మెట్లదారి సరుకుతో నిండి ఉండరాదు, మంటలార్పే సిలిండరు గడువు దాటి ఉండరాదు, అగ్నిమాపక దళానికి 101కి గానీ అత్యవసర సేవకు 112కి గానీ ఫోను చేసే మనిషి ఉండాలి. ఇల్లు కాలుతుండగా బావి తవ్వబూనేవారిని పెద్దలు పరిహసించేవారు. పరీక్షించని యంత్రాన్ని నమ్ముకోవడం నీళ్ళున్నాయో లేవో చూడని బావిని నమ్ముకోవడం వంటిది.

పునశ్చరణ ప్రశ్నలు

1. ఒక పైపుకు 16 రంధ్రాలున్నాయి. యంత్రం మీటరుకు 0.1 శాతం వద్ద మోగుతుంది. ఒకే రంధ్రం వద్ద ఎంత పొగ ఉంటే అది మోగుతుంది? (జవాబు: మీటరుకు 1.6 శాతం.)

2. ప్రయాణ కాలం గణన పత్రంలో ఉన్నదానికంటే చాలా తక్కువ వస్తే ఏమి అనుమానించాలి?

3. చివరి రంధ్రం వద్ద పొగ పట్టి చూసిన తరువాత కూడా వేడి తీగ పరీక్ష ఎందుకు అవసరం?

4. కల్యాణ మందిరంలో హెచ్చరిక మెట్లు నిర్ణయించే రోజులలో ముహూర్తం ఒకటి ఎందుకు ఉండాలి?

5. తమ భవనంలో ఇటువంటి వ్యవస్థ ఉన్నట్లయితే, దాని అప్పగింత పత్రం ఎవరి వద్ద ఉన్నది? అందులో ప్రయాణ కాలం సెకన్లలో రాసి ఉన్నదా?